డస్ట్ అలర్జీకి ఇమ్యునోథెరపీ: కణాలకు ఓర్పు నేర్పే మూడేళ్ల పని

పొద్దున మంచం దిగకముందే పది తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు, అంగిట్లో దురద. దుప్పటి దులిపితే ఇంకో పది. మన దగ్గర దీన్ని 'డస్ట్ అలర్జీ' అనేస్తాం. చాలామందికి పడనిది రోడ్డు మీది దుమ్ము కాదు, పరుపులోనూ దిండులోనూ కాపురముండే డస్ట్ మైట్ పెంటికలు. మైట్ పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. మనం రాల్చే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దాని పెంటిక సుమారు 20 మైక్రాన్లు ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు. దుప్పటి దులిపితే ఇవి గాల్లోకి లేస్తాయి, ఇరవై ముప్పై నిమిషాల్లో మళ్లీ కిందికి దిగిపోతాయి. పక్క ఎత్తేటప్పుడు తుమ్ములు, కాసేపటికి నిమ్మళం అనే వరస కనిపిస్తే ముందు అనుమానించాల్సింది మైట్‌నే.

సెటిరిజిన్ లాంటి మాత్ర తుమ్ములు, దురద తెప్పించే రసాయనమైన హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది. ఆ హిస్టమిన్‌ను కక్కే కణాలకు మాత్రం ఏమీ నేర్పదు. మాత్ర ఆపిన రెండు మూడు రోజుల్లో కథ మొదటికొస్తుంది. కణాలకు నేర్పే వైద్యం అలర్జెన్ ఇమ్యునోథెరపీ: పడని పదార్థాన్నే కొలిచి, కొంచెం కొంచెంగా పెంచుతూ, ఏళ్ల తరబడి ఇవ్వడం. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని సూదితో ఇచ్చి దీన్ని మొదలుపెట్టాడు. పుప్పొడిలో ఏదో విషం ఉందని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ తప్పు, పద్ధతి మాత్రం నిలబడింది.

ఈ వైద్యంలో నియమాలు చాలానే ఉన్నాయి. సూది వేశాక అరగంట కదలొద్దంటారు, ఆయాసముంటే ఆ రోజు ఇంజెక్షన్ వద్దంటారు, తుమ్ములు తగ్గినా మూడేళ్లు మానొద్దంటారు. ఇవేవీ చాదస్తాలు కావు. ప్రతిదానికీ కారణం కణాల దగ్గర ఉంది, కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం.

ఊపిరితిత్తులు మామూలుగా ఎందుకు ఊరుకుంటాయి

పీల్చిన ప్రతిదానితో యుద్ధం పెట్టుకుంటే ఊపిరితిత్తులు వారం కూడా నిలవవు. అందుకే ఊరుకోవడమే వాటి సహజ ధోరణి. లోపలి గాలితిత్తుల్లో ఉండే మాక్రోఫేజ్ కణాలు వచ్చినదాన్ని చప్పుడు చేయకుండా మింగేస్తాయి. ఎలుకల్లో చూస్తే, ఇవే టీజీఎఫ్-బీటా అనే సంకేతంతో, విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లంతో పక్కనున్న టి కణాలను (రోగనిరోధక శక్తిని నడిపే తెల్ల రక్తకణాలు) శాంతిపరిచే రకంగా మారుస్తాయని తేలింది. శ్వాసనాళాల పొరలో డెండ్రిటిక్ కణాలు చేతులు చాచుకుని ఉంటాయి. అవి అలర్జెన్ ముక్కను పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి అక్కడి టి కణాలకు చూపిస్తాయి. ఆ చూపించే వేళ చుట్టూ ప్రమాద సంకేతాలేవీ లేకపోతే టి కణం 'ట్రెగ్' అవుతుంది, అంటే అదుపు చేసే టి కణం.

ట్రెగ్‌కు గుర్తు ఫాక్స్‌పీ3 అనే జన్యువు. అది పుట్టుకతోనే చెడిపోయిన పిల్లల్లో ఎగ్జిమా, అలర్జీ యాంటీబాడీ అయిన ఐజీఈ విపరీతంగా ఉండటం, సొంత అవయవాల మీదే దాడి కనిపిస్తాయి. ఓర్పు అంటే రోగనిరోధక శక్తి నిద్రపోవడం కాదనీ, కణాలు పనిగట్టుకుని చేసే పని అనీ అక్కడే అర్థమైంది. ఈ కణాలను బయటపెట్టినందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు వైద్యంలో నోబెల్ వచ్చింది.

మైట్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే అది ఒట్టి చేతులతో రాదు. దాని పెంటికలో డెర్ పి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. అది జీర్ణరసం లాంటి ఎంజైము. ముక్కు, శ్వాసనాళాల పై పొరలో కణాలను ఒకదానికొకటి కుట్టిన కుట్లను అది కొరికేస్తుంది. డెర్ పి 2 అనే మరో ప్రొటీన్ మన శరీరంలోని ఒక అణువును అనుకరించి, బాక్టీరియా వచ్చినప్పుడు మోగే గంటనే మోగిస్తుంది. గాయపడ్డ పొర ఐఎల్-33, టీఎస్‌ఎల్‌పీ అనే ప్రమాద సంకేతాలు వదులుతుంది. ఈ గోలలో అలర్జెన్‌ను చూసిన టి కణం ట్రెగ్ కాదు, అలర్జీని రేపే టీహెచ్2 రకం అవుతుంది. టీహెచ్2 వదిలే ఐఎల్-4, ఐఎల్-13లు యాంటీబాడీలు చేసే బి కణంతో ఐజీఈ తయారు చేయిస్తాయి. ఐఎల్-5 మంట పెంచే తెల్ల రక్తకణాలైన ఇసినోఫిల్స్‌ను పిలుస్తుంది. ఐజీఈ వెళ్లి ముక్కులో హిస్టమిన్ నింపుకుని ఉన్న మాస్ట్ కణాల మీద నాటుకుంటుంది. మళ్లీసారి పెంటిక వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే చాలు, నిమిషాల్లో హిస్టమిన్ బయటపడుతుంది.

అలర్జీ లేనివాళ్లలోనూ మైట్‌ను గుర్తుపట్టే టి కణాలు ఉంటాయి. తేడా పాళ్లలో ఉంది: వాళ్లలో ఐఎల్-10 వదిలి శాంతిపరిచేవి ఎక్కువ, అలర్జీవాళ్లలో టీహెచ్2 ఎక్కువ. ఇమ్యునోథెరపీ చేసేది ఈ పాళ్లను తిరగరాయడం. దానికి రెండు ఏర్పాట్లు కావాలి. ఒకటి మోతాదు. ముక్కులోకి రోజూ వెళ్లే మైట్ ప్రొటీన్ నానోగ్రాముల్లో ఉంటుంది, ఫలితమిచ్చే ఇంజెక్షన్‌లో ముఖ్య అలర్జెన్ 5 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. అంటే వందల రెట్లకు పైనే. రెండోది చోటు. గోల నడుస్తున్న ముక్కు దగ్గర కాకుండా, ప్రశాంతంగా ఉన్న చేతి చర్మం కింద గానీ నాలుక కింద గానీ చూపించాలి. నాలుక కింద మాస్ట్ కణాలు తక్కువ, ఐఎల్-10 వదిలే డెండ్రిటిక్ కణాలు ఎక్కువ. తేనెటీగలు పెంచేవాళ్లు ఏళ్ల తరబడి కుట్టించుకుని ఓర్పు తెచ్చుకునేదీ ఈ లెక్కనే. మృగశిర నాడు ఒక్కసారి మింగే చేప మందుతో దీన్ని పోల్చేవాళ్లుంటారు గానీ, ఒక్కసారి చూసి టి కణాలు ఏదీ నేర్చుకోవు.

ముందు అసలు దోషిని పట్టాలి

మూడేళ్ల వైద్యం తప్పు అలర్జెన్ మీద పెడితే మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. స్కిన్ ప్రిక్ టెస్టుకు వెళ్లే ముందు సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి 5 నుంచి 7 రోజులు ఆపాలి. జలుబు మాత్రల్లో, దగ్గు మందుల్లో క్లోర్‌ఫెనిరమిన్ దాక్కుని ఉంటుంది, చీటీ చదవండి. మాంటెలుకాస్ట్ ఒక్కటే వేసుకుంటుంటే ఆపక్కర్లేదు. కానీ మన మందుల షాపుల్లో అది చాలాసార్లు లెవోసెటిరిజిన్‌తో కలిపే ఉంటుంది, పరీక్షలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇన్‌హేలర్, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మానొద్దు. అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు కూడా పరీక్షను చెడగొడతాయి. వాటిని సొంతంగా ఆపకుండా డాక్టరుకు ముందే చెప్పండి.

ముంజేతి లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో సారం చుక్క వేసి, చిన్న లాన్సెట్‌తో పైపైన గుచ్చుతారు. రక్తం కారకూడదు. రెండు చుక్కలు కొలమానాలు: ఒకటి హిస్టమిన్, ఒకటి ఉత్త సెలైన్. 15 నుంచి 20 నిమిషాల తర్వాత దోమ కుట్టినట్టు లేచిన ఉబ్బును స్కేలుతో కొలుస్తారు. చుట్టూ ఎర్రదనాన్ని లెక్కలోకి తీసుకోరు. సెలైన్ చుక్క కంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతేనే పాజిటివ్. హిస్టమిన్ దగ్గరే ఉబ్బు లేవలేదంటే ఒంట్లో మందు ఇంకా ఉందన్నమాట. ఆ రోజు వచ్చిన 'నెగటివ్'లన్నీ చెత్తబుట్టకే. సెలైన్ దగ్గరా లేచిందంటే చర్మం గీరితేనే ఉబ్బే రకం. అప్పుడు రక్తంలో ఆ అలర్జెన్‌కు ప్రత్యేకమైన ఐజీఈ చూడాలి.

మన వాతావరణంలో జాబితాలో ఉండాల్సినవి: డెర్మాటోఫగోయిడిస్ మైట్లు రెండు, ఉష్ణమండలపు బ్లోమియా మైట్, బొద్దింక, ఆల్టర్నేరియా, ఆస్పర్‌జిల్లస్ బూజులు, పుప్పొళ్లలో వయ్యారిభామ, సర్కారు తుమ్మ, గరిక. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది దోషి కాదు. ఉబ్బు లేచి, జీవితంలో దాని ఎదుట లక్షణాలూ వస్తేనే వైద్యానికి ఎంచుకోవాలి. ఏడాదంతా పొద్దున తుమ్ములుంటే మైట్, వర్షాల తర్వాత బీడు పక్కన తిరిగితే మొదలైతే వయ్యారిభామ.

మొత్తం ఐజీఈ ఒక్కటే చేయించి 'అలర్జీ ఉంది' అనడం నమ్మొద్దు. నులిపురుగులున్నా అది పెరుగుతుంది. ఆహారాలకు ఐజీజీ (మరో రకం యాంటీబాడీ) పరీక్ష పేరుతో వేలకు వేలు గుంజే చీటీలు పనికిరావు. ఐజీజీలో ఒక రకమైన ఐజీజీ4 ఉండటం అలర్జీకి గుర్తు కాదు, చాలాసార్లు ఓర్పుకు గుర్తు.

ఎవరికి ఇవ్వకూడదు

ఆస్తమా అదుపులో లేనివాళ్లకు ఇవ్వకూడదు. ఈ వైద్యంలో జరిగిన ప్రాణాపాయాల్లో ఎక్కువ భాగం వీళ్లలోనే. ఊదే పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బయటికి ఊదే గాలి) ఉండాల్సినదాంట్లో 70 శాతం కంటే తక్కువుంటే ముందు ఇన్‌హేలర్‌తో అదుపు, ఆ తర్వాతే సూది. వాచిన శ్వాసనాళం ఇప్పటికే టీహెచ్2 గోలలో ఉంటుంది. అలర్జెన్ అందితే ముడుచుకుపోవడానికి సిద్ధంగా ఉన్న గొట్టమది.

బీపీకో గుండెకో అటెనలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లు తప్పక చెప్పాలి. రియాక్షన్ వస్తే కాపాడేది అడ్రినలిన్, ఆ మందులు దాని పనినే అడ్డుకుంటాయి. గ్లకోమాకు వేసుకునే టిమొలాల్ చుక్కలదీ ఇదే కుటుంబం, కంటి మందే కదా అని జనం చెప్పరు. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టరు. ముందే మెయింటెనెన్స్‌లో (మోతాదు పూర్తిగా ఎక్కాక అదే డోసు కొనసాగించే దశలో) ఉండి బాగా పడుతుంటే డోసు పెంచకుండా కొనసాగించవచ్చు. ఇబ్బందిని నోటితో చెప్పలేని ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఆగుతారు. ముద్ద మింగితే గొంతులో ఇరుక్కునే ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ ఉన్నవాళ్లకు నాలుక కింద మందు వద్దు.

ఇంజెక్షనా, చుక్కలా, మాత్రా

ఇంజెక్షన్‌కు క్లినిక్‌కు వెళ్లాలి, ఒళ్లంతా రియాక్షన్ వచ్చే ప్రమాదం కొంచెం ఎక్కువ. నాలుక కింద మందు ఇంట్లో వేసుకోవచ్చు, పెద్ద రియాక్షన్లు అరుదు. దాని శత్రువు మరుపు. రోజూ వేసుకోవాల్సింది వారానికి మూడుసార్లయితే కణాల దగ్గర పాఠం నిలవదు. మైట్‌కు ప్రామాణిక మోతాదుతో నాలుక కింద మాత్ర అమెరికాలో 2017లో పెద్దలకు అనుమతి పొందింది. మన దగ్గర ఎక్కువగా నడిచేవి బరువు-ఘనపరిమాణం లెక్కన చేసిన సారాలు. ఒక తయారీకీ మరో తయారీకీ బలం ఒకటి కాదు. ఇక్కడ మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లు చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్తే, అక్కడి సీసాలో అదే 0.5 మిల్లీలీటర్లు వేయించుకోవడం ప్రమాదం. కొత్త తయారీకి డోసు తగ్గించి మళ్లీ ఎక్కాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు, పాజిటివ్ వచ్చిన పన్నెండింటినీ ఒకే సీసాలో కలిపేయడం. ఒక్కోటి పన్నెండో వంతుకు పలుచనైపోయి ఏదీ పనిచేసే మోతాదుకు చేరదు. పైగా బూజు, బొద్దింక సారాల్లో ప్రొటీన్లను కోసే ఎంజైములుంటాయి. అదే సీసాలో పుప్పొడి కలిపితే దాన్ని అవి తినేస్తాయి. సీసా చీటీ మీద నాలుగైదు కంటే ఎక్కువ పేర్లుంటే, ఏది ఎంత ఉందో అడగడానికి మొహమాటపడొద్దు.

మోతాదు ఎక్కే మెట్లు

సీసాలు వరసగా ఉంటాయి, ఒకదానికంటే తర్వాతది పదిరెట్లు చిక్కన. వారానికొకటి చొప్పున మామూలుగా కనిపించే మెట్లు ఇలా ఉంటాయి: అతి పలుచని సీసా నుంచి 0.05 మిల్లీలీటరు, తర్వాత 0.1, 0.2, 0.3, 0.4, 0.5. ఆపై చిక్కని సీసా తెరిచి మళ్లీ 0.05. పలుచని దాంట్లో 0.5, పదిరెట్లు చిక్కని దాంట్లో 0.05, లోపలికెళ్లే అలర్జెన్ లెక్కన రెండూ సమానం. సీసా మారిన రోజు మెట్టు పెరగదు. ఎవరైనా తొందరపడి కొత్త సీసా 0.1తో మొదలుపెట్టారంటే ఆ ఒక్క వారంలో డోసు రెట్టింపైనట్టు. నాలుగైదు నెలల్లో మెయింటెనెన్స్ డోసుకు చేరాక నాలుగు వారాలకొకటి సరిపోతుంది. మీ క్లినిక్ మెట్లు వేరుగా ఉండొచ్చు. పాటించాల్సింది వాళ్ల పట్టికనే, ఇది లెక్క అర్థం కావడానికి మాత్రమే.

సిరంజి దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. వాడాల్సింది 0.01 మిల్లీలీటరు గీతలున్న 1 మిల్లీలీటరు సిరంజి. అది లేదని ఇన్సులిన్ సిరంజి తీస్తే, మన దగ్గర దొరికే 40 యూనిట్ల రకంలో 0.1 మిల్లీలీటరంటే 4 యూనిట్లు, 100 యూనిట్ల రకంలో 10 యూనిట్లు. ఒకదాని అలవాటుతో ఇంకోదాంట్లో తీస్తే రెండున్నర రెట్లు తేడా.

సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టనివ్వొద్దు, ఫ్రీజర్ గోడకు ఆనించొద్దు, ఫ్రిజ్ తలుపులోనూ పెట్టొద్దు. పలుచని సీసాలు త్వరగా బలం కోల్పోతాయి. మేలో మధ్యాహ్నపు బస్సులో సంచిలో వేసుకుని తెచ్చిన సీసా బలం ఎంత మిగిలిందో చెప్పలేం. పాత సీసా నీరసించాక దానికి అలవాటైన ఒంటికి కొత్త సీసాలో అదే డోసు ఎక్కువవుతుంది. అందుకే కొత్త సీసా తెరిచిన రోజు చాలామంది వైద్యులు సగం వరకు తగ్గించి మొదలుపెడతారు.

ఇంజెక్షన్ రోజు

సూదికి ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి, అడగకపోతే మీరే చెప్పండి. పోయిన డోసు తర్వాత ఏమైనా వచ్చిందా? ఈ వారం ఆయాసం, పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉన్నాయా? జ్వరమా? కొత్త మందులేమైనా మొదలయ్యాయా? పీక్ ఫ్లో మీటరులో మీ మామూలు అంకె కంటే బాగా తగ్గితే ఆ రోజు సూది వద్దు. తర్వాత సీసా మీద పేరు, బలం, తేదీ, డోసు గట్టిగా చదివించుకోండి. ఒకరి సీసా ఇంకొకరికి వేయడం, చిక్కని సీసాను పలుచనదనుకోవడం, పెద్ద రియాక్షన్లకు ఇలాంటి పొరపాట్లే దారి.

సూది మోచేతికీ భుజానికీ మధ్య, చేయి వెనక-బయటి వైపు, చర్మం కింద కొవ్వులోకి వెళ్లాలి. కండలోకి వెళ్తే రక్తంలోకి త్వరగా పీల్చుకుంటుంది. వేసినచోట రుద్దకండి. ముందూ తర్వాతా రెండు మూడు గంటలు జిమ్, పరుగు, వేడినీళ్ల స్నానం మానండి. రక్తం వేగంగా తిరిగితే అలర్జెన్ కూడా వేగంగా తిరుగుతుంది.

ఆ తర్వాత 30 నిమిషాలు అక్కడే. పెద్ద రియాక్షన్లలో ఎక్కువ శాతం ఈ అరగంటలోనే వస్తాయి, ఎందుకంటే మాస్ట్ కణాలు హిస్టమిన్ కక్కడానికి నిమిషాలు చాలు. అరచేతుల దురద, వరుస తుమ్ములు, ఒంటి మీద దద్దుర్లు, గొంతు బొంగురు, ఛాతీ బిగుతు, తల తిరగడం: వీటిలో ఏది మొదలైనా 'చూద్దాంలే' అనుకోకుండా చెప్పాలి. శ్వాసకో బీపీకో తేడా వస్తే మొదటి మందు అడ్రినలిన్. 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉన్న యాంపూల్ నుంచి కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. ఎవిల్ (యాంటీహిస్టమిన్), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ముందు ఇచ్చి అడ్రినలిన్ కోసం తర్వాత వెతకడం ప్రాణం తీసే క్రమం. క్లినిక్‌లో అడ్రినలిన్ యాంపూల్, ఆక్సిజన్, సెలైన్ కళ్లెదుట లేకపోతే అక్కడ మొదటి సూది కూడా వేయించుకోవద్దు.

చేతి మీద రూపాయి బిళ్లంత వాపు, దురద మామూలే. చల్లని గుడ్డ, ఒక యాంటీహిస్టమిన్ మాత్ర చాలు. అలాంటి వాపు వచ్చినంత మాత్రాన తర్వాత సూదికి పెద్ద రియాక్షన్ వస్తుందని కాదు. అరచేయంత వాచి మర్నాటికీ తగ్గకపోతే డోసు గురించి మాట్లాడాలి.

చుక్కలు వేసుకునేవాళ్లు మొదటి డోసు క్లినిక్‌లోనే వేసుకుని అరగంట ఉండాలి. ఆ తర్వాత ఇంట్లో, రోజూ ఒకే వేళకి: నాలుక కింద వేసుకుని ఒకటి రెండు నిమిషాలు ఆపి మింగాలి, తర్వాత ఐదు నిమిషాలు తిండి, నీళ్లు వద్దు. మొదటి వారాల్లో నోట్లో, చెవిలోపల దురద వస్తుంది. చాలామంది మానేసేది ఇక్కడే, కొన్ని రోజుల్లో అదే సర్దుకుంటుంది. పన్ను పీకించుకుంటే, నోట్లో పుండ్లుంటే మానేదాకా ఆపాలి. గాయం గుండా మందు నేరుగా రక్తంలోకి వెళ్తుంది.

లోపల ఏ నెలలో ఏం మారుతుంది

మొదటి డోసులతోనే మాస్ట్ కణాలు, రక్తంలో వాటిలాంటివే అయిన బేసోఫిల్స్ కొంచెం మొద్దుబారతాయి. ఇది పాఠం కాదు, తాత్కాలికమైన మొద్దుబారడం. డోసులు తప్పితే పోతుంది, అందుకే ఎక్కే దశలో ఖాళీలు ప్రమాదం. వారాలు గడిచేకొద్దీ ఐఎల్-10, టీజీఎఫ్-బీటా వదిలే ట్రెగ్‌లు పుట్టుకొస్తాయి. ఇవి డెండ్రిటిక్ కణాల గొంతు తగ్గిస్తాయి, టీహెచ్2లకు కావాల్సిన ఐఎల్-2ను తామే తాగేస్తాయి. ఐఎల్-10 సంకేతం బి కణాలను ఐజీఈ నుంచి ఐజీజీ4 వైపు తిప్పుతుంది, టీజీఎఫ్-బీటా ఐజీఏ వైపు. ఐజీజీ4 పెంటిక ప్రొటీన్‌ను ముందే పట్టేసుకుని మాస్ట్ కణం మీది ఐజీఈ దాకా పోనివ్వదు. ఇది తన రెండు చేతుల్లో ఒకదాన్ని వేరే ఐజీజీ4తో మార్చుకునే వింత అణువు. అందువల్ల ఒకే అలర్జెన్‌ను రెండు చేతులా పట్టుకుని గుంపు కట్టదు, మంట రేపదు.

చాలామందిని భయపెట్టే విషయం ఇంకోటుంది: మొదటి నెలల్లో మైట్ ఐజీఈ తగ్గకపోగా పెరుగుతుంది. తర్వాత నెలలు, ఏళ్ల మీద దిగుతుంది. కాబట్టి ఆరో నెలలో ఐజీఈ చేయించుకుని 'పెరిగింది, మందు పడలేదు' అని మానేయడం శుద్ధ పొరపాటు. స్కిన్ టెస్టు ఉబ్బు తగ్గేది కూడా ఆలస్యంగానే. ఐజీజీ4 అంకె కూడా ఒక్కొక్కరి ఫలితాన్ని నమ్మకంగా చెప్పదు.

చూడాల్సింది డైరీ. తుమ్ములు, కారడం, దిబ్బడ, దురద, ఒక్కోదానికి రాత్రి పడుకునే ముందు 0 నుంచి 3 వరకు అంకె, పక్కన ఆ రోజు వేసుకున్న మాత్రలు, స్ప్రేలు. మొదలుపెట్టే ముందు నెల రోజులు రాసి ఉంచుకుంటే పోల్చడానికి పునాది దొరుకుతుంది. మెయింటెనెన్స్‌కు చేరి ఏడాదైనా లక్షణాలూ తగ్గక మాత్రలూ తగ్గకపోతే లాగొద్దు. తప్పు అలర్జెనా, డోసు చాలలేదా, ఇంట్లో మైట్ మరీ ఎక్కువా అని వెనక్కి వెళ్లి చూడాలి.

ఇంటి పని, తక్కువలో

మైట్‌కు తేమ కావాలి. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే ఎండిపోతుంది. కాకినాడ, విశాఖల్లో వానాకాలమంతా దానికి పండగ. దిండుకూ పరుపుకూ జిప్పున్న, కన్నాలు 10 మైక్రాన్ల కంటే చిన్నవైన కవర్లు వేయండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. చన్నీళ్లు పెంటికలను కడుగుతాయి గానీ మైట్‌ను చంపవు. పాత బూరుగుదూది దిండు ఎండలో పడేస్తే పైపైన చస్తాయి, లోపలివి లోపలే. చచ్చిన మైట్ పెంటికలూ అలర్జెనే. అలర్జీ ఉన్న మనిషి బొంత దులపకూడదు, పొడి చీపురు పట్టకూడదు. తడిగుడ్డతో తుడవండి.

తప్పిన డోసులు, ఆపే వేళ

ఎక్కే దశలో వారం ఆలస్యమైతే సాధారణంగా పోయిన డోసే మళ్లీ ఇస్తారు, రెండు మూడు వారాలు దాటితే మెట్లు దిగుతారు. మెయింటెనెన్స్‌లో వెసులుబాటు ఎక్కువ, రెండు నెలలు దాటితే తగ్గించాల్సిందే. పెళ్లికని ఊరెళ్లి వచ్చి, పోయిన నెలదీ ఈ నెలదీ కలిపి వేయమనకండి.

ఎంతకాలం అన్నదానికి మంచి ఆధారాలున్నాయి. గడ్డి పుప్పొడికి మూడు నాలుగేళ్లు ఇంజెక్షన్లు తీసుకుని ఆపినవాళ్లలో, ఆపాక మూడేళ్లకూ ఓర్పు నిలిచిందని 1999లో లండన్ బృందం చూపింది. అదే పుప్పొడికి నాలుక కింద రెండేళ్లే ఇచ్చి ఆపితే, మరో ఏడాదికి తేడా మిగల్లేదని 2017లో తేలింది. రెండేళ్లలో తుమ్ములు ఆగిపోవచ్చు. కానీ చాలాకాలం బతికే జ్ఞాపక కణాల పాళ్లు అప్పటికింకా మారి ఉండవు. ముఖ్యంగా అలర్జీవాళ్లలో మాత్రమే కనిపించే ఒక రకం టీహెచ్2 కణాలు నెమ్మదిగా తరుగుతాయి. వాటిని తరగనివ్వాలి. కనీసం మూడేళ్లు, అవసరాన్నిబట్టి ఐదు.

ఆపాక ఐజీజీ4 మొత్తం కొన్ని నెలల్లో బాగా పడిపోతుంది. భయపడక్కర్లేదు, మిగిలిన కొంచెంలో అలర్జెన్‌ను అడ్డుకునే పదును చాలాకాలం ఉంటుంది. డైరీ మాత్రం ఆపొద్దు. ఆపిన మొదటి ఏడాది వానాకాలంలో ఒక నెల, చలికాలంలో ఒక నెల రాయండి. అంకెలు మళ్లీ మొదలుపెట్టే ముందున్న స్థాయికి ఎక్కుతుంటే పాత సీసా తీయకండి. స్కిన్ టెస్టు మళ్లీ చేయించి, వచ్చింది పాత మైటేనా, కొత్తగా వయ్యారిభామా అని ముందు తేల్చుకోండి.